నలుగురు మిత్రులు, పద్దెనిమిది గుంటలు



ఈ నెల మన పేజీలో ఒక ఆటను గూర్చి ముచ్చటించుకుందాం. మన పల్లెల్లో ఎవరూ ఆడని ఆట, పేరు గోల్ఫ్. టీవీలో అది వస్తే ఛానెల్ మార్చేవాళ్లమే ఎక్కువ. తెల్ల టోపీ పెట్టుకున్న ధనవంతుడు చిన్న బండి దిగి, ఒక్క దెబ్బ కొట్టి, మళ్లీ బండెక్కి పోతాడు. దీనిలో ఏముంది ఆట అనిపిస్తుంది. హైదరాబాదులో గోల్కొండ కోట గోడల పక్కన ఒక గోల్ఫ్ మైదానం ఉంది, విశాఖపట్నంలోనూ ఉంది. వాటి గేటు లోపలికి మనలో ఎంతమంది వెళ్లి ఉంటారు?

అయితే ఆట తీరు మనకు బొత్తిగా కొత్తదేమీ కాదు. కోస్తాలో బిళ్ళంగోడు అంటారు, తెలంగాణలో చిర్రగోనె అంటారు. కర్రతో కొట్టటం, ఎంత దూరం పోయిందో చూడటం, అక్కడికి నడిచి పోవటం. గోల్ఫ్ లో బిళ్ళకు బదులు చిన్న గట్టి బంతి. దాని బరువు 46 గ్రాములకు మించకూడదు. దూరాన నేలలో ఒక గుంట, దాని వెడల్పు నాలుగుంబావు అంగుళాలు, పక్కన ఒక జెండా. బంతి ఆ గుంటలో పడేవరకు ఎన్ని దెబ్బలు కొట్టావు అన్నదే లెక్క. తక్కువ దెబ్బలవాడు గెలిచినట్టు. ఇలాంటి గుంటలు పద్దెనిమిది. ఒకదాని తరువాత ఒకటి ఆడుకుంటూ పోవాలి. ఆరేడు కిలోమీటర్ల నడక, నాలుగు గంటల కాలం. సాధారణంగా ముగ్గురో నలుగురో కలిసి వెళతారు. ఎవరి బంతి వారిది, ఎవరి లెక్క వారిది, దారి మాత్రం అందరికి ఒక్కటే.

ఈ ఆటకు పుట్టినిల్లు అని చెప్పుకొనే ఊరు స్కాట్లాండు దేశంలో సముద్రపు ఒడ్డున ఉన్న సెయింట్ ఆండ్రూస్. చిన్న ఊరే. 1413లో స్థాపించిన విశ్వవిద్యాలయం అక్కడ ఉంది. కూలిపోయిన పెద్ద దేవాలయపు గోడలు సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంటాయి. సంఘ చరిత్ర చదివినవారికి ఆ ఊరి పేరు వేరే కారణాన తెలుసు. 1528లో పాట్రిక్ హామిల్టన్ ను, 1546లో జార్జి విషార్ట్ ను అక్కడే కాల్చి చంపారు. 1547లో జాన్ నాక్స్ అక్కడే ప్రసంగించాడు. 1830లో కలకత్తా వచ్చి పాఠశాల పెట్టిన అలెగ్జాండర్ డఫ్ ఆ విశ్వవిద్యాలయంలో చదివినవాడే. ఆయనకంటె ఒక సంవత్సరం ముందే, 1829లో, కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు వెలిసింది! బ్రిటిషు దీవుల వెలుపల అదే అన్నిటికంటె పాతది. స్కాట్లాండు వారు మన దేశానికి బడిని, బంతిని వెంటవెంటనే తెచ్చారన్నమాట.

ఈ ఆటను గూర్చి మనకు దొరికే మొట్టమొదటి వ్రాత ఒక నిషేధం. 1457లో రెండవ జేమ్స్ రాజుగారి కాలంలో, యువకులు విలువిద్య సాధన మాని ఫుట్ బాల్, గోల్ఫ్ ఆడుతున్నారని పార్లమెంటు వాటిని రద్దు చేసింది. ఆ నిషేధం ఎంత బాగా అమలైందంటే, ఆయన మనుమడైన నాలుగవ జేమ్స్ రాజు 1502లో తానే గోల్ఫ్ కర్రలు కొనుక్కున్నాడు. కొన్నది ఎవరి దగ్గర? పెర్త్ పట్టణంలో విల్లులు చేసేవాడి దగ్గర!

ఇక మన రైతు కుటుంబాలవారికి పట్టే సంగతి ఆ నేల. సముద్రపు ఇసుకకు, మంచి పొలానికి నడుమ నాగలి పట్టని ఇసుక బీడు ఉంటుంది చూడండి, అదే. పంటకు పనికిరాదు. గొర్రెలు మేస్తాయి, కుందేళ్లు బొరియలు చేస్తాయి. గాలికి ఓర్చుకోలేని గొర్రెలు పల్లంలో ఒదిగి పడుకొని పడుకొని చేసిన గోతులే నేటి ఆటలోని ఇసుక గోతులకు మూలమని పెద్దలు చెబుతారు. మన ఊళ్ల మందబయలు వంటి ఉమ్మడి నేల. 1552లో ఆర్చిబిషప్పు హామిల్టన్ కు ఆ బీడులో కుందేళ్లు పెంచుకొనే హక్కు లభించినప్పుడు, ఊరివారు అక్కడ గోల్ఫ్ ఆడుకొనే హక్కును, మేపుకొనే హక్కును కూడా ఆ పత్రంలోనే వ్రాశారు.

అయినా ఉమ్మడి నేలకు ఎక్కడైనా గండమే. అప్పుల పాలైన పట్టణ పాలకులు 1797లో ఆ బీడును అమ్మివేశారు. కొద్దికాలానికి అది కుందేళ్ల వ్యాపారుల చేతికి పోయింది. ఆడే నేలంతా బొరియలు. ఊరివారు కుందేళ్లను తరిమారు, కోర్టుకెక్కారు, ఏళ్ల తరబడి తగవులాడారు. 1821లో ఆ పక్క భూస్వామి ఒకాయన కొని ఆటను నిలబెట్టాడు. చివరకు 1894లో పార్లమెంటు చట్టం ద్వారా ఆ నేల మళ్లీ ఊరి చేతికి వచ్చింది. 1974 నుండి ఒక ట్రస్టు దాని బాగోగులు చూస్తుంది. ప్రపంచంలో అందరికంటె పేరున్న గోల్ఫ్ మైదానం ఇప్పటికీ ఏ ధనవంతుడిదీ కాదు, ఏ క్లబ్బుదీ కాదు. ఊరి ఉమ్మడి ఆస్తి. మందబయళ్లు ఎవరి పట్టాల్లోకి పోయాయో తెలియని ఊళ్లు మనకెన్ని లేవు! అందుకే ఈ మాట కొంచెం విడమరచి చెప్పాను.

ఇదంతా నాకు తెలిసిన విధం చెబుతాను. మా ప్రాంతపు యౌవనస్థుడొకడు నర్సింగు చదివి, సెయింట్ ఆండ్రూస్ లో వృద్ధుల గృహంలో పనికి కుదిరాడు. రెండు మూడేళ్లు గడిచాక వాళ్ల నాన్న ఒకరోజు ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

“అయ్యగారండీ, మావాడు అక్కడ దొరల ఆట మరిగాడంట. కర్రల సంచి భుజానేసుకొని ఫోటో పంపాడు. ఇంటిమీద అప్పు ఇంకా తీరలేదు. మీరు చెబితే వింటాడు, ఒక్క మాట చెప్పండి.”

ఆ తండ్రి భయంలో తప్పేమీ లేదు. పంపిన పిల్లవాడు ఎవరితో తిరుగుతున్నాడో, దేనికి డబ్బు పోస్తున్నాడో ఇక్కడివారికి ఎలా తెలుస్తుంది? అబ్బాయి సెలవుకు వచ్చినప్పుడు ముగ్గురమూ మా వసారాలో కూర్చున్నాం. నేను అడగకముందే ఆ పిల్లవాడు నవ్వి, “నాన్న చెప్పే ఉంటాడు అయ్యగారూ,” అని మొదలుపెట్టాడు.

మొదటి చలికాలం చాలా కష్టంగా గడిచిందట. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయేవాడికి వారాల తరబడి ఎండ పొడే కనబడదు. ఎవరితోనూ తెలుగు మాట లేదు. రోజూ వాడు ఎక్కే బస్సు నడిపే పెద్దాయన ఒకడు, అరవై ఏళ్లుంటాయి, ఒకరోజు, “నీకు సెలవెప్పుడు? నాతో నడకకు రా,” అన్నాడట. ఆ నడకే ఈ ఆట. ఆ ఊళ్లో పిల్లలు, కొత్తవారు నేర్చుకొనేందుకు బాల్గోవ్ అని తొమ్మిది గుంటల చిన్న మైదానం ఉంది. అక్కడ మొదలుపెట్టాడు. కర్రలు పేదల సహాయార్థం పాత సామాను అమ్మే దుకాణంలో కొన్నవి. సంచి ఒకచోట చిరిగితే తానే కుట్టుకున్నాడు. పరాయి ఊరివారు ఓల్డ్ కోర్సు అనే పాత మైదానంలో ఒక్కసారి ఆడాలంటే ఈమధ్య వేసవిలో మూడు వందల పౌండ్లు దాటింది. ఆ ఊళ్లో కాపురముండేవారికి మాత్రం చౌకగా ఏడాది చీటీ ఉంది. ఉమ్మడి నేల అన్నాను గదా, దాని ఫలం ఇదే. బస్సు డ్రైవరు, నర్సు కూడ అక్కడ ఆడగలరు. పైగా ఏ రోజు ఎవరు ఆడాలన్నది కొంతవరకు చీట్లు తీసి నిర్ణయిస్తారు. 

తండ్రి ముఖం కొంచెం తేటపడింది. “సరే, ఆ ఆట సంగతి చెప్పు,” అన్నాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం నలుగురు బయలుదేరారట. బస్సు డ్రైవరు, రిటైరైన బడిపంతులు ఒకాయన, కొట్టాయం నుండి వచ్చిన మలయాళీ నర్సు, మనవాడు. నలుగురిలో డ్రైవరు మంచి ఆటగాడు, మనవాడు అందరికంటె వెనక. అలాంటప్పుడు కలిసి ఎలా ఆడతారు? దీనికి వాళ్లు హ్యాండిక్యాప్ అని ఒక ఏర్పాటు పెట్టుకున్నారు. ఆ మైదానంలో మంచి ఆటగాడికి 72 దెబ్బలు పడతాయని లెక్క. మనవాడి పాత ఆటలను చూసి, అతనికి 24 దెబ్బల తగ్గింపు ఇచ్చారు. 96 కొడితే 72గా లెక్కపెడతారు. డ్రైవరుకు తగ్గింపు ఎనిమిదే. మన పిల్లల ఆటల్లో చిన్నవాణ్ణి ఆటలో అరటిపండు అని చేర్చుకుంటాం. వాడు ఓడినా ఔట్ కాడు, గెలిచినా లెక్క లేదు. ఇది అలా కాదు. బలహీనుడి ఆట కూడ పూర్తిగా లెక్కకు వస్తుంది, బాగా ఆడిన రోజున మొనగాణ్ణి ఓడించగలడు. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది.

మొదటి దెబ్బ కొట్టే చోటు ఊరి మధ్యలోనే ఉంది. వెనకాల 1754లో మొదలైన రాయల్ అండ్ ఏన్షియెంట్ క్లబ్బు రాతి భవనం, కంచె పట్టుకొని చూసే జనం. మనవాడికి పరీక్ష హాలులో కూర్చున్నట్టు కాళ్లు వణికాయట. ఎదురుగా బయలు ఎంత వెడల్పంటే, బంతి ఎటు పోయినా ఫరవాలేదు అనిపిస్తుంది. కాని మొదటి గుంట ముందర ఒక పిల్లకాలువ పారుతుంది. అంతటి బయలును వదిలి బంతి తిన్నగా ఆ కాలువలోకి పోయింది. మలయాళీ మిత్రుడు నవ్వి, తాను కొట్టి, తన బంతినీ అందులోకే పంపాడు. అక్కడినుండి బెదురు పోయిందట.

ఆ మైదానం ఆకారం గొర్రెల కాపరి వంకీకర్ర లాగ ఉంటుంది. తొమ్మిది గుంటలు సముద్రపు పాయ వైపు పోతాయి, చివర వంక తిరిగి తొమ్మిది గుంటలు ఊరివైపు వస్తాయి. పూర్వం 22 గుంటల ఆట ఉండేది. 1764లో మొదటి నాలుగింటిని రెండు చేశారు, పోతూ వస్తూ లెక్కిస్తే మొత్తం 18 అయింది. లోకమంతా అదే లెక్కను పట్టుకుంది. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. అక్కడ ఒక్కొక్క పెద్ద గ్రీన్ మీద రెండేసి గుంటలుంటాయి, పోయేవారికి ఒకటి, వచ్చేవారికి ఒకటి. చిత్రమేమిటంటే ఆ జంట గుంటల అంకెలు కూడితే ప్రతిసారి 18 వస్తుంది. రెండు, పదహారు. మూడు, పదిహేను. నాలుగు, పద్నాలుగు. ఇలా ఏడు జంటలు. సండే స్కూలు పిల్లలకు లెక్కగా ఇవ్వవచ్చు.

కుడివైపున ఇసుక దిబ్బలు, వాటి అవతల వెస్ట్ సాండ్స్ అనే పొడవైన సముద్రతీరం. 1981లో వచ్చిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ సినిమాలో యువకులు అలల పక్కన పరుగెత్తే దృశ్యం అక్కడ తీసినదే. ఆదివారం పరుగెత్తను అని 1924 పారిస్ ఒలింపిక్స్ లో వంద మీటర్ల పందెం వదులుకొని, నాలుగు వందల మీటర్లలో బంగారు పతకం గెలిచిన ఎరిక్ లిడ్డెల్ కథ అది. మే నెలలో మైదానమంతా ముళ్లపొదలు పసుపు పూలతో నిండి ఉంటాయి. మన ఆవ చేల రంగు అనుకోండి. చివరి గుంటల దగ్గర సముద్రపు పాయ కనబడుతుంది, పక్షులు గుంపులుగా వాలుతాయి. గాలి మాత్రం క్షణం ఆగదు. పోయేటప్పుడు ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు తోడుగాలి అనుకుంటే, వంక తిరిగేసరికి అది కూడ తిరిగి ఎదురైందట. పంతులుగారు సంచిలోనుండి ఫ్లాస్కు తీసి టీ పోశాడు. అక్కడ కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదని చెప్పి ఆ అబ్బాయి కూడ కాసేపు ఊరుకున్నాడు.

పద్నాలుగవ గుంట దారిలో హెల్ బంకర్ అని పేరున్న ఇసుక గొయ్యి ఉంది. హెల్ అంటే నరకమే. లోతు పది అడుగుల దాక ఉంటుంది. అందులో పడిన మనిషి తల కూడ పైవారికి కనబడదు. మలయాళీ మిత్రుడి బంతి అందులో పడింది. ఒకటి, రెండు, మూడు… లోపలినుండి ఇసుక ఎగురుతుంది గాని బంతి రాదు. పైన ముగ్గురు పొట్ట పట్టుకొని నవ్వుతున్నారు. చివరకు అయిదో దెబ్బకు బంతి బయటపడింది. పంతులుగారు అతణ్ణి ఊరడించాడట: ప్రపంచంలో పేరెక్కిన జాక్ నిక్లాస్, ఈ మైదానంలోనే 1970లోను 1978లోను ఓపెన్ పోటీ గెలిచినవాడు, 1995లో ఇదే గోతిలో పడి బయటికి రావటానికి నాలుగు దెబ్బలు తీసుకున్నాడు, నీకు ఆయనకంటె ఒక్కటే ఎక్కువ అని.

తరువాత జరిగింది చిన్న సంగతే. డ్రైవరు బంతి ముళ్లపొదల పక్క ఎత్తు గడ్డిలో పడింది. మిగతా ముగ్గురు తమ తమ బంతుల దగ్గర ఉన్నారు, ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. ఆయన కొట్టి, గుంట ముగించి, లెక్క చెప్పేటప్పుడు “ఆరు” అన్నాడు. మనవాడు “అయిదే గదా, నేను లెక్కపెట్టాను,” అన్నాడు. “గడ్డిలో కర్ర ఆనించేటప్పుడు బంతి కదిలింది. తిరిగి దాని చోట పెట్టి కొట్టాను. దానికి ఒకటి,” అన్నాడాయన. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ ఒక్క దెబ్బతో ఆయన బడిపంతులు చేతిలో ఓడిపోయాడు. ఓడినవాడు అందరికి సూపు ఇప్పించాలని ఒప్పందం, ఇప్పించాడు.

ఇక్కడ తండ్రి నిటారుగా కూర్చున్నాడు. “అంపైరు లేడా?” అని అడిగాడు. లేడు. స్నేహితుల ఆటలో ఎవరూ ఉండరు. “మన ఊళ్లో కబడ్డీకి అంపైరు ఉన్నా తలకాయలు పగులుతాయి. ఎవరూ చూడలేదు గదా, ఎందుకు చెప్పాడంటావు?” అన్నాడు. ఆ అబ్బాయి, “అక్కడ అందరూ అలాగే చెబుతారు నాన్నా,” అన్నాడు. అందరూ అన్నమాట నేను పూర్తిగా నమ్మలేదు. మనుషులు ఎక్కడైనా మనుషులే. గోల్ఫ్ లో దొంగలెక్కలు చెప్పే పెద్దమనుషులను గూర్చిన హాస్యపు కథలు ఇంగ్లీషులో కొల్లలు. అయితే దొంగలెక్కకు సిగ్గుపడే అలవాటు ఆ ఆటలో పాతుకొని ఉంది. దానికి ఒక మనిషి జ్ఞాపకం కొంత కారణం.

ఆయన బాబీ జోన్స్, అమెరికావాడు. డబ్బు తీసుకోకుండ ఆడిన ఆటగాడు. 1921లో పంతొమ్మిదేళ్ల వయసులో సెయింట్ ఆండ్రూస్ వచ్చి, ఆట చెడిపోతుంటే కోపం పట్టలేక, పదకొండవ గుంట దగ్గర బంతిని చేతబట్టుకొని పోటీ మానుకున్నాడు. ఆ ఊరంటేనే గిట్టలేదు. నాలుగేళ్ల తరువాత, 1925లో అమెరికా ఓపెన్ పోటీలో, ఎత్తు గడ్డిలో తన బంతి కదిలిందని తానే చెప్పి ఒక దెబ్బ మీద వేసుకున్నాడు. కదలటం అధికారులెవరూ చూడలేదు. ఆట ముగిసేసరికి ఆయన విల్లీ మాక్ ఫర్లేన్ తో సరిసమానంగా నిలిచాడు. ఆ ఒక్కటి లేకపోతే పోటీ ఆయనదే. సమానమైనందున మరునాడు మళ్లీ ఆడించారు. అందులో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. జనం మెచ్చుకుంటే, బ్యాంకు దోచుకోలేదని మనిషిని మెచ్చుకుంటారా అన్నట్టు విసుక్కున్నాడు.

1927లో ఆయన తిరిగి సెయింట్ ఆండ్రూస్ వచ్చాడు, ఓపెన్ పోటీ గెలిచాడు, కప్పును అక్కడే ఉంచమని కోరాడు. 1930లో మళ్లీ అక్కడ గెలిచాడు, ఆ సంవత్సరమే పోటీలనుండి విరమించాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ చూడబోతూ, మిత్రులతో ఒక్క సరదా ఆట ఆడుకుందామని చెప్పాపెట్టకుండ ఆ ఊరు వచ్చాడు. సంగతి ఎలా పొక్కిందో, మధ్యాహ్నానికి దుకాణాలు మూసి వేలమంది మైదానం చుట్టూ నిలబడ్డారు. పోటీ లేదు, కప్పు లేదు. ఒక మనిషి తన స్నేహితులతో ఆడుకుంటుంటే చూడటానికి వచ్చారు. 1958లో ఆ పట్టణం ఆయనకు పౌరసత్వ గౌరవం ఇచ్చింది. 1759లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తరువాత అది పొందిన అమెరికావాడు ఆయనే. అప్పటికి వెన్నెముక వ్యాధితో కాళ్లు స్వాధీనంలో లేవు. కష్టంగా నిలబడి, కాగితం పక్కన పెట్టి, స్నేహాన్ని గూర్చి మాట్లాడాడు. ఆయన హాలు విడిచి పోతుంటే జనం లేచి తమ పాత వీడ్కోలు పాట అందుకున్నారు. పదవ గుంటకు నేడు ఆయన పేరే.

పదిహేడవ గుంట దగ్గర బంతిని హోటలు ప్రహరీ మూల మీదుగా కొట్టాలి. గ్రీన్ అవతల తారురోడ్డు, రోడ్డు అవతల రాతి గోడ. అవి కూడ ఆటలో భాగమే. రోడ్డుమీద పడితే రోడ్డుమీదినుండే కొట్టాలి. తరువాత వచ్చేది ఆ కాలువ మీది రాతి వంతెన. ఏడు వందల ఏళ్లకు పూర్వం కాపరులు గొర్రెలను దాటించటానికి కట్టుకున్నది. నలుగురూ దానిమీద నిలబడి ఫోటో తీయించుకున్నారు. తండ్రి కంటబడి భయపెట్టిన ఫోటో అదే! ఇంతకూ మనవాడు ఆ రోజు కొట్టినవి 103 దెబ్బలు. అందరికంటె ఆఖరు. ఆ అంకె చెప్పేటప్పుడు వాడి మొగం చూస్తే గెలిచాడేమో అనుకుంటారు.

రాత్రి తొమ్మిది వరకు వెలుగుంటుంది కాబట్టి, సూపు తాగాక పంతులుగారు వాళ్లను దేవాలయపు శిథిలాల పక్క సమాధుల తోటకు తీసుకొని వెళ్లాడట. అక్కడ గోల్ఫ్ టోపీ పెట్టుకొని బంతి కొట్టబోతున్న యువకుడి బొమ్మ చెక్కిన సమాధి ఉంది. పేరు టామీ మోరిస్. తండ్రి పేరు కూడ టామే. తండ్రి నాలుగుసార్లు ఓపెన్ పోటీ గెలిచాడు, కొడుకు నాలుగుసార్లు గెలిచాడు. 1875 సెప్టెంబరులో తండ్రీ కొడుకులు నార్త్ బెర్విక్ అనే ఊళ్లో పార్క్ సోదరులతో జంటగా ఆడుతుండగా తంతి వచ్చింది. టామీ భార్య ప్రసవవేదనతో ప్రమాదంలో ఉంది. రైలైతే ఆలస్యమని ఒక పెద్దమనిషి తన తెరచాప ఓడ ఇచ్చాడు. రాత్రంతా సముద్రపు పాయ మీద వచ్చారు. ఇల్లు చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ లేరు. ఆ సంవత్సరమే క్రిస్మస్ నాటి ఉదయం టామీ కూడ చనిపోయాడు. వయసు 24. గోల్ఫ్ సంఘాలవారు చందాలు వేసుకొని ఆ రాయి నిలబెట్టారు. తండ్రి మాత్రం 1908 వరకు బ్రతికి, ఎక్కువ కాలం ఆ మైదానాన్నే చూసుకున్నాడు.

ఈ సంగతి వింటూ మన రైతు కండువాతో ముఖం తుడుచుకొన్నాడు. కొంతసేపటికి, “ఆ నేల ఎన్ని ఎకరాలుంటుంది? నీళ్లెక్కడివి?” అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. ఒక్కొక్క గోల్ఫ్ మైదానానికి నూరు ఎకరాలకు పైగా పడుతుంది. అక్కడ చల్లటి దేశం, ఇసుక నేల, పుట్టు గడ్డి. తాగునీటికి బిందెలు వరుస పెట్టే మన జిల్లాల్లో బోర్లు వేసి పచ్చిక పెంచటం వేరే సంగతి. దానిని నేను సమర్థించను. ఆ అబ్బాయి కూడ సమర్థించలేదు.

ఇక మా తల్లులు తప్పక అడిగే ప్రశ్న, మరి ఆదివారం? పదహారవ శతాబ్దపు చివరిలో అక్కడి సంఘ పెద్దలు ప్రసంగ వేళ గోల్ఫ్ కు పోయినవారికి జరిమానాలు వేసేవారు. జరిమానాలు ఎప్పుడో పోయాయి గాని, ఓల్డ్ కోర్సులో ఆదివారం నేటికీ ఆట లేదు, ఓపెన్ వంటి పెద్ద పోటీలప్పుడు తప్ప. పెద్ద టామ్ మోరిస్ ఈ నియమాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆడేవారికి అక్కరలేకపోయినా నేలకు విశ్రాంతి కావాలన్నది ఆయన వాదన అని చెబుతారు. ఆ రోజున మైదానం ఊరందరికి తోటగా మారుతుంది. పిల్లలు గోతుల్లో దుముకుతారు, కుక్కలు పరుగెత్తుతాయి, ముసలివాళ్లు వంతెన మీద కూర్చుంటారు.

మనవాడు ఆదివారం ఆరాధన ముగించుకొని, మధ్యాహ్నం డ్యూటీలో వృద్ధుల గృహంనుండి ఒక తాతగారిని చక్రాల కుర్చీలో అక్కడికి తీసుకొని వెళతాడట. ఆ తాత పడుచుతనంలో ఆటగాళ్ల సంచులు మోసినవాడు. ఇప్పుడు చాలా సంగతులు మరచిపోయాడు, కొడుకు పేరు కూడ ఒక్కొక్కసారి గుర్తుండదు. పద్దెనిమిదవ గుంటకు అడ్డంగా ఊరి దారి ఒకటి పోతుంది, కుర్చీ అక్కడ ఆపుతాడు. తాతగారు గాలి ఎటునుండి వస్తుందో చెంపతో చూసుకొని, ఏ కర్ర తీయాలో, బంతి ఎక్కడ పడాలో వేలితో చూపిస్తాడట.